కాలని చెయ్యి

ఆదిలాబాద్ పత్తి మార్కెట్లో రిబ్కమ్మ జొన్నరొట్టె తిననివాడు ఉన్నాడంటే, వాడికి కడుపులో అల్సరైనా ఉండాలి, ఇంట్లో భార్య వంటైనా బాగుండాలి. నాకా రెండూ లేవు. అందుకని పద్నాలుగేళ్ళు అక్కడే తిన్నాను. యార్డులో పత్తి బండ్లు తూచే కాంటా దగ్గర గుమాస్తాను నేను. పేరు శ్యాంసుందర్. సీజన్ మొదలైందంటే పొద్దున ఏడుకు కుర్చీలో కూచుంటే పన్నెండింటి దాకా లేచేది లేదు. తూకం తక్కువ వచ్చిందని రైతు నన్నే తిడతాడు, ఎక్కువ వచ్చిందని వ్యాపారీ నన్నే తిడతాడు. ఇద్దరి తిట్లూ తిని, వెనక గేటు పక్కన రేకుల షెడ్డు కిందికి పోయి రెండు రొట్టెలూ ఇంత పచ్చిమిర్చి కారమూ తింటే గాని మళ్ళీ మనిషినయ్యేవాణ్ణి కాదు.

జొన్నరొట్టె చేయడం చపాతీ చేసినంత సులువు కాదు. కర్రతో వత్తితే విరిగిపోతుంది. అరచేత్తో కొట్టి కొట్టి పెద్దది చేయాలి. పెనం మీద వేశాక, పైన ఆరిపోకుండా తడిచేత్తో నీళ్ళు పూయాలి. ఆ పూసేటప్పుడు ఆవిరి కొట్టి ఎంత పనిమంతురాలైనా చెయ్యి గుంజుకుంటుంది. రిబ్కమ్మ గుంజుకునేది కాదు. తీరిగ్గా, గోడకు సున్నం వేస్తున్నట్టు, అరచెయ్యంతా ఆనించి పూసేది. రొట్టెను తిప్పడానికి అట్లకాడ కూడా వాడేది కాదు.

దానికి ఆమెకు మార్కెట్లో పెద్ద పేరు. పెన్‌గంగ అవతలి నుంచి వచ్చే మరాఠీ రైతులు ఆమెను మావశీ, అంటే పిన్నీ అని పిలిచి, ఆ చేతిని చూడడానికే పొయ్యికి దగ్గరగా కూచునేవాళ్ళు. హమాలీల పెద్ద అంబదాస్ అయితే ఆమె చేతికి అగ్గి కూడా దండం పెడుతుందని కనిపించిన వాళ్ళందరికీ చెప్పేవాడు. కొత్తగా వచ్చిన రైతులను వెంటబెట్టుకుపోయి ఆ చెయ్యి చూపించినవాళ్ళలో నేనూ ఉన్నాను. రిబ్కమ్మ మెథడిస్టు చర్చిలో పెరిగిన మనిషి. గొప్పలు చెప్పుకోదు. కానీ ఆ ఒక్క మాటకు మాత్రం మురిసిపోయేది. ఇరవై ఏళ్ళు పని చేస్తే చెయ్యి అట్లా పండుతుందని అనేది. మేమంతా నమ్మాం. ఆమె కూడా నమ్మింది. ఇప్పుడు తలుచుకుంటే నా నాలుక మీద వాత పెట్టుకోవాలనిపిస్తుంది.

ఆమె భర్త జేమ్స్ జిన్నింగ్ మిల్లులో పని చేసేవాడు. బిడ్డ మూడో తరగతిలో ఉండగా జ్వరం వచ్చి పోయాడు. బిడ్డ పేరు క్యాథరిన్. ఇప్పుడు ఇరవై ఏళ్ళు, డిగ్రీ చదువుతోంది, చర్చిలో పాటలకు ముందుండేది ఆ పిల్లే. చర్చి వెనక వాడలో రెండు గదుల ఇంట్లో తల్లీ బిడ్డా ఇద్దరే. రిబ్కమ్మ నన్ను అన్నా అనేది కాబట్టి క్యాథరిన్‌కు నేను మామను. కాలేజీ లేని రోజున షెడ్డుకు వచ్చి పిండి కలిపేది, నా విస్తట్లో అడగకుండా మూడో రొట్టె వేసేది.

రిబ్కమ్మ కుడిచేతి చిటికెన వేలూ ఉంగరపు వేలూ వంగిపోవడం మొదలైనప్పుడు మొదట తెలిసింది నా నోటికి. రొట్టె అంచులు మందమయ్యాయి, మధ్యలో చిల్లులు పడ్డాయి. పిండి మంచిది కాదని ఆమె జొన్నలు పట్టే గిర్నీవాణ్ణి తిట్టింది. అరచేతిలో బొబ్బలు కనిపిస్తే ఎక్కడో గీరుకుందని చెప్పింది. జూన్ నెలలో, సీజన్ అయిపోయి షెడ్డులో నేనూ ఆమే ఉన్న రోజున, ఆమె నాతో ఏదో చర్చి కమిటీ గొడవ చెబుతోంది. నాకు మాంసం కాలిన వాసన వచ్చింది. చూస్తే ఆమె చిటికెన వేలు పెనం అంచుకు అతుక్కుని ఉంది. ఆమె మాట్లాడుతూనే ఉంది. నేను లేచి ఆ చేతిని లాగేదాకా ఆమెకు తెలియలేదు. వేలి పక్క తోలు పెనానికే ఉండిపోయింది. అప్పుడు కూడా ఆమె నొప్పి అనలేదు. నా మొహం చూసి భయపడింది.

ఊళ్ళో డాక్టరు ఆ వేలికి కట్టు కట్టి, ముంజేతి మీద పాలిపోయిన మచ్చ చూసి, మోచేతి వెనక నరాన్ని రెండు వేళ్ళతో తడిమి, ఏమీ చెప్పకుండా చీటీ రాసిచ్చాడు. బస్సులో నాలుగు గంటల దూరంలో ఉన్న మిషన్ ఆసుపత్రికి పొమ్మన్నాడు. తోడుగా నేను పోయాను. అక్కడి డాక్టరు దాచలేదు. పెద్దరోగం, అంటే కుష్ఠు అన్నాడు. భయపడాల్సిందేమీ లేదనీ, ఏడాది మాత్రలు మింగితే పూర్తిగా పోతుందనీ, మాత్రలు మొదలుపెట్టాక ఇంకొకరికి అంటదనీ, తిండి వల్ల రానే రాదనీ నిదానంగా చెప్పాడు. నరం దెబ్బతిన్నది కాబట్టి వేళ్ళు వంగాయి, స్పర్శ పోయింది, అందుకే కాలినా తెలియలేదు అన్నాడు. పండిన చెయ్యి అని ఇన్నేళ్ళు మేం మెచ్చుకున్నది ఆ రోగాన్ని.

తరువాత పక్క గదిలో రిజిస్టరు రాసే ఆయన, ఇంట్లో ఇంకా ఎవరెవరు ఉంటారని అడిగాడు. ఒకే ఇంట్లో ఏళ్ళ తరబడి కలిసి ఉన్నవాళ్ళను తప్పకుండా పరీక్ష చేయాలనీ, వాళ్ళకూ ఒక మోతాదు మందు ఇస్తామనీ చెప్పాడు.

"ఎవరు లేరు సారు. నేనొక్కదాన్నే ఉంట," అంది రిబ్కమ్మ.

నేను అదే బెంచీ మీద కూచుని ఉన్నాను. నాకు దగ్గు వచ్చింది. ఆయన రాసుకున్నాడు.

తిరుగు బస్సులో ఆమే చెప్పింది.

"క్యాథరిన్‌కు ఎర్కైతె వాడకంత ఎర్కైతది అన్నా. గప్పుడు నా రొట్టె ఎవరు ముడ్తరు? దాని మొకం ఎవరు జూస్తరు? నీకు దండం బెడ్త, ఎవ్వలకు జెప్పకు."

చెప్పనని మాటిచ్చాను. అప్పుడు నాకు నేనే చాలా మంచివాణ్ణి అనిపించింది. ఆ మంచివాడు మర్నాటి నుంచి పదకొండు రోజులు ఆమె షెడ్డు వైపు పోలేదు. కడుపు బాగాలేదని అంబదాస్‌తో చెప్పి, బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాను. తిండి వల్ల రాదని డాక్టరు చెప్పింది ఈ చెవులతోనే విన్నాను, అయినా పోలేదు. పన్నెండో రోజున సిగ్గేసి పోతే, ఆమె ఎప్పట్లాగే రెండు రొట్టెలు పెట్టింది. అవి గొంతు దిగడానికి రెండు చెంబుల నీళ్ళు పట్టాయి.

మాత్రల అట్టలను ఆమె అటక మీద, క్రిస్మస్ నక్షత్రం దాచే పెట్టెలో పెట్టుకుంది. డిసెంబరులో ఆ పెట్టె దించాల్సి వచ్చినప్పుడు వాటిని బియ్యం డబ్బాలోకి మార్చింది. మందుకు మొహం నల్లబడితే ఎండ అంది. చేతికి గుడ్డ చుట్టుకుని, నరం గుంజుకుందని చెప్పింది. ఆ చేత్తో ఇక రొట్టె కొట్టడం కాలేదు. కొడితే వంగిన వేళ్ళ గుర్తులు పిండిలో దిగబడేవి. క్యాథరిన్ కాలేజీ నుంచి మధ్యాహ్నానికే వచ్చి పెనం దగ్గర కూచోవడం మొదలుపెట్టింది. మొదట్లో ఆ పిల్ల చేసిన రొట్టెలను చూసి హమాలీలు, ఇది ఏ జిల్లా పటం అని ఏడిపించేవాళ్ళు. పిల్ల కూడా తక్కువది కాదు, తింటే చెబుతానని వాళ్ళ నోట్లో కుక్కేది. నాలుగు నెలలకు చెయ్యి తిరిగింది.

ఏడాది మాత్రలు అయిపోయాక, ఆసుపత్రిలో వేళ్ళకు ఆపరేషన్ చేస్తామన్నారు. రిబ్కమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. పెద్దపల్లిలో అక్క ఇంట్లో ఉండి కరీంనగర్‌లో నరానికి ఆపరేషన్ చేయించుకుంటానని బిడ్డకు చెప్పి, నాతో మిషన్ ఆసుపత్రికి బయలుదేరింది. ఇల్లు విడిచి రెండు నెలలు ఉండాలి. ఆడపిల్ల ఒక్కతే ఎట్లా అని, పక్కింటి రెబెకాను రోజూ వచ్చి క్యాథరిన్‌తో పడుకోమని ఒప్పించింది. రెబెకా క్యాథరిన్ ఈడుదే, ఇద్దరూ ఒకే కంచంలో తినే రకం.

ఆపరేషన్ సంగతి డాక్టరు కాగితం మీద గీసి చూపించాడు. వేలిని ముడవడానికి ఒక్కో వేలికీ రెండేసి తాళ్ళు ఉంటాయట. నడిమి వేలికి ఉన్న రెండింటిలో ఒకదాన్ని విడదీసి, నాలుగు పాయలుగా చీల్చి, ఒక్కో పాయనూ ఒక్కో వేలికి కుడతారట. రోగం ముట్టని తాడు కాబట్టి అది పని చేస్తుందట. నేను మొహం తిప్పుకున్నాను గాని, రిబ్కమ్మ మాత్రం ముగ్గు నేర్చుకుంటున్నట్టు శ్రద్ధగా చూసింది.

నాలుగు వారాలు చెయ్యి పిండికట్టులో ఉంది. కట్టు విప్పాక సాయిచంద్ అనే ఫిజియోథెరపీ అబ్బాయి పని మొదలుపెట్టాడు. వేళ్ళు కొత్త తాడుకు కొత్త కదా, వాటికి నేర్పాలి. అన్ని వేళ్ళూ చాపి, వాటి మొదళ్ళ దగ్గర మాత్రం వంచాలంటే, నడిమి వేలు ముడుస్తున్నానని మనసులో అనుకోవాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే పని. నేను చూడడానికి పోయిన రోజు, తన చెయ్యే తన మాట వినడం లేదని నవ్వింది. సాయిచంద్ ఆ రోజే ఆమెకు అసలు సంగతి చెప్పాడు. వేళ్ళు తెరుచుకుంటాయి గాని స్పర్శ తిరిగి రాదు. ఇక జన్మలో పెనం దగ్గరికి పోకూడదు. రిబ్కమ్మ నవ్వు ఆగిపోయింది. చాలాసేపు ఏడ్చింది. నాకైతే ఆ అబ్బాయి మీద కోపం వచ్చింది. ఇంత కోసి, ఇంత కుట్టి, ఆ ఒక్కటి పెట్టలేరా అని అడిగేశాను. ఆ నరం ముందే చనిపోయింది సార్, మీరు ఆలస్యంగా తెచ్చారు అన్నాడు.

అక్టోబరులో, పత్తి రావడానికి పది రోజుల ముందు ఇంటికి వచ్చింది. చెయ్యి చక్కగా చాచింది. రొట్టెలు మళ్ళీ గుండ్రంగా, పల్చగా వచ్చాయి. తల్లి కొట్టేది, బిడ్డ పెనం మీద కాల్చేది. మార్కెట్టంతా మళ్ళీ షెడ్డు కింద చేరింది. రిబ్కమ్మ ముఖంలో ఏడాది తరువాత రంగు వచ్చింది. రోగం సంగతి ఎవరికీ తెలియకుండానే గట్టెక్కిందని ఆమె అనుకుంది. నేనూ అనుకున్నాను.

డిసెంబరు రెండో వారంలో ఒక మధ్యాహ్నం, రద్దీ బాగా ఉంది. క్యాథరిన్ ఒకేసారి రెండు పెనాలు చూస్తోంది. నీళ్ళగిన్నెలో చెయ్యి ముంచి, రొట్టె మీద అరచెయ్యి ఆనించి పూస్తోంది. ఆవిరి గుప్పున లేస్తోంది. పిల్ల పక్కకు తిరిగి అంబదాస్‌తో మాట్లాడుతోంది. నాకు ముచ్చటేసింది.

"రిబ్కమ్మా, నీ చెయ్యి నీ బిడ్డకొచ్చింది సూడు. జరంత సుత గుంజుకుంటలేదు," అన్నాను.

రిబ్కమ్మ చేతిలో రొట్టె చిరిగిపోయింది. ఆమె నా మొహం చూసింది. నేనేమన్నానో నాకు అప్పుడు తెలిసింది. క్యాథరిన్ మాత్రం పొగడ్తకు నవ్వి, నా విస్తట్లో ఇంకో రొట్టె వేసింది.

ఆ సాయంత్రం బిడ్డ గిన్నెలు తోముతుంటే, రిబ్కమ్మ వెనక నుంచి పోయి చీపురు పుల్లతో ఆమె మోచేతి మీద మెల్లగా గీసిందట. పిల్ల తిరగలేదు. ముంజేతి మీద, చిటికెన వేలి పక్కన గీసింది. పిల్ల పాట పాడుకుంటూ తోముతూనే ఉంది. మర్నాడు ఇదంతా నాకు చెప్పి, పని ధ్యాసలో ఉండి తెలియలేదేమో అంది. ఆ ప్రశ్న ఆమె నన్ను ఎందుకు అడుగుతోందో నాకు తెలుసు. అయ్యుంటుంది అన్నాను. ఇంకా పది రోజుల్లో క్రిస్మస్, పాటలన్నీ క్యాథరిన్ మీదే ఉన్నాయి, పండగ కానిచ్చి చూద్దామంది. సరే అన్నాను. ఇద్దరు పెద్దమనుషులం కలిసి, ఒక ఆడపిల్ల చేతిని పండగ దాకా వాయిదా వేశాం.

కొత్త ఏడాది మొదటి ఆదివారం చర్చిలో ప్రభు భోజన సంస్కారం ఇచ్చారు. వరసగా మోకాళ్ళ మీద నిలబడి, కుడి అరచెయ్యి చాపితే పాస్టరు అందులో రొట్టెముక్క పెడతాడు. తల్లి పక్కనే క్యాథరిన్ చెయ్యి చాపింది. నాలుగు వేళ్ళలో మూడు కలిసి ఉన్నాయి. చిటికెన వేలు మాత్రం ఎడంగా, పక్కకు పోయి ఉంది. పిల్ల దాన్ని దగ్గరికి తేవాలని రెండుసార్లు ప్రయత్నించింది. అది రాలేదు. రిబ్కమ్మ వేలు కూడా వంగిపోవడానికి ముందు అట్లాగే ఎడంగా జరిగిందట. ఆమె తన ముక్కను నోట్లో పెట్టుకోకుండానే లేచి బయటికి వచ్చింది. ఎన్నడూ మా గడప తొక్కని మనిషి, ఆ మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి వాకిట్లో కూలబడి ఇదంతా చెప్పింది. రేపే ముగ్గురం ఆసుపత్రికి పోదామంది. బిడ్డకు ఇప్పుడే చెప్పు అన్నాను. బస్సులో చెబుతానంది.

బస్సులో చెప్పలేదు. తన చెయ్యి చూపించుకోవడానికి పోతున్నామనే చెప్పింది. క్యాథరిన్ కిటికీ పక్కన కూచుని నాలుగు గంటలూ మాతో కబుర్లు చెప్పింది. ఆసుపత్రి గేటు దగ్గర దిగాక, పైన కుష్ఠు ఆసుపత్రి అని ఉన్న బోర్డు చదివింది. చదువుకున్న పిల్ల. కరీంనగర్ కాదని ముందే తెలిసి ఉంటుంది, ఇప్పుడు మిగతాదీ తెలిసింది. మాకంటే ముందే లోపలికి నడిచింది.

డాక్టరు ఆమెను కళ్ళు మూసుకోమని, పెన్ను కొనతో చెయ్యంతా ముట్టి, ముట్టిన చోటల్లా చెప్పమన్నాడు. చాలాచోట్ల ఆ పిల్ల ఏమీ చెప్పలేదు, ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకుని ఎదురుచూస్తోంది. మోచేతి వెనక, అద్దంలో కూడా కనిపించని చోట, రూపాయి బిళ్ళంత మచ్చ ఉంది. నరం ఉబ్బి ఉంది. మాత్రలు మొదలుపెడతామనీ, నరం వాపుకు వేరే మందు ఇస్తామనీ, కొన్ని వారాల్లో తగ్గకపోతే మోచేతి దగ్గర కోసి నరాన్ని వదులు చేయాల్సి ఉంటుందనీ చెప్పాడు. బలం పూర్తిగా తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. తరువాత తల్లి కాగితాలు తిరగేసి, ఇంట్లో ఎవరూ లేరని రాసి ఉందే అన్నాడు. ఆరు నెలల కింద తెచ్చినా ఈ వేళ్ళు ఇట్లా అయ్యేవి కావు అన్నాడు. ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండునని నాకనిపించింది.

ముగ్గురం బయట వరండాలోకి వచ్చి కూచున్నాం. రిబ్కమ్మ బిడ్డ చెయ్యి పట్టుకోబోతే, ఆ పిల్ల తన చేతిని ఒడిలోకి లాక్కుంది.

"గీ సంగతి నీకెప్పుడెర్కైంది అవ్వా?"

"మొన్న జూన్ గాదు, అంతకు ముందటి జూన్ల."

"మామకు?"

"ఆయనే నాకు తోడొచ్చిండు."

క్యాథరిన్ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది. పంతొమ్మిది. నన్ను చూసింది. యార్డులో ఎంతోమంది రైతులు కోపంగా చూస్తే తిరిగి చూసినవాణ్ణి. ఈ పిల్ల చూపు ముందు తల దించుకున్నాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. ఏడుస్తుందనుకున్నాను, కళ్ళు నిండాయి గాని ఏడవలేదు. సంచిలోంచి ఫోన్ తీసి రెబెకాకు చేసింది. వరండాలో మందుల కోసం ఇరవై మంది దాకా కూచుని ఉన్నారు. ఆ పిల్ల పక్కకు పోలేదు.

"రెబెకా, మా అవ్వకు పెద్దరోగమచ్చింది. గిప్పుడు నాగ్గూడ ఉన్నదట. నువ్వు రెండు నెల్లు నా పక్కనే పండినవ్. పరేషాన్ గాకు, మందులున్నయి. రేపు పొద్దుగాల బస్సుకు మీ అవ్వను దోల్కొని రా, నీ చేతులు సూపెట్టాలె."

ఆ మాట బిడ్డ నోట, అంతమంది ముందు వినేసరికి రిబ్కమ్మ ఉలిక్కిపడి ఫోన్ అందుకోబోయింది. ఆపరేషన్ చేసిన చెయ్యి, వేళ్ళు నిటారుగా, ఫోన్ దాకా పోయింది. అటు నుంచి రెబెకాకు సరిగా వినిపించనట్టుంది. క్యాథరిన్ తల్లి చేతిని పక్కకు నెట్టి, ఫోన్ రెండో చెవికి మార్చుకుని, మొదటి నుంచి మళ్ళీ, ఇంకా గట్టిగా చెప్పింది.